బఠాణీ కవర్ కొనాలా, టిన్ కొనాలా? మన మూడు ఊళ్ళ అంగళ్ళలో దొరికేవాటి మీద ఒక అంచనా

పచ్చిబఠాణీ కాలం మన దగ్గర చలికాలంతో సరి. శివరాత్రి వెళ్ళేసరికి కర్నూలు, అనంతపురం, కడప మార్కెట్లలో కాయ ముదిరిపోతుంది, ధర ఎక్కుతుంది. ఆ తర్వాత పులావులోకైనా, కుర్మాలోకైనా, చపాతీలోకి ఉర్లగడ్డ బఠాణీ చేయాలన్నా ముఖ్యంగా రెండు దారులు. సూపర్ మార్కెట్ డీప్ ఫ్రీజర్‌లోని కవర్ ఒకటి, పక్క ర్యాకులో ఉప్పునీళ్ళలో మునిగిన గింజల టిన్ ఇంకొకటి. ఎండు బఠాణీ రాత్రి నానబెట్టుకోవడం మూడో దారి. అది టిన్ కథలోనే కలుస్తుంది కాబట్టి అక్కడే చెప్పుకుందాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. చలి తెగకుండా వచ్చిన ఫ్రోజెన్ బఠాణీ టిన్ బఠాణీ కంటే మేలు. అయితే ఆ మేలు విటమిన్లలో జనం అనుకున్నంత లేదు. ఉప్పులో ఉంది, రుచిలో ఉంది, పెట్టిన డబ్బుకు చేతికొచ్చే గింజల్లో ఉంది. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన కవర్ కంటే మాత్రం మంచి టిన్నే నయం. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే ఊళ్ళలో ఈ "చలి తెగకుండా" అన్న షరతు దగ్గరే చాలా కవర్లు ఓడిపోతాయి.

ఈ రెండూ ఎలా తయారవుతాయో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఫ్రోజెన్ బఠాణీని వలిచిన వెంటనే 90 నుంచి 100 డిగ్రీల వేడినీళ్ళలోనో ఆవిరిలోనో ఒకటి రెండు నిమిషాలు ఉంచి తీస్తారు. దీన్ని బ్లాంచింగ్ అంటారు. గింజలోని ఎంజైములు చావకపోతే ఫ్రీజర్‌లో ఉన్నా కొన్ని వారాలకే పచ్చరంగు పోయి, ఎండుగడ్డి వాసన వస్తుంది. అందుకే ఈ పని. ఆ తర్వాత మైనస్ 30, మైనస్ 40 డిగ్రీల గాలి కొడితే ఏ గింజకు ఆ గింజ విడిగా గడ్డకడుతుంది. విటమిన్ సి పోయేది ఎక్కువగా వేడినీళ్ళ దగ్గరే, గడ్డకట్టడంలో పోయేది కొంచెమే.

టిన్ సంగతి వేరు. గింజలు, ఉప్పునీళ్ళు పోసి సీలు వేసి, డబ్బాతో సహా ప్రెషర్‌లో 116 నుంచి 121 డిగ్రీల దాకా వేడి చేస్తారు. మామూలుగా మరిగే నీళ్ళు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. గాలి లేని చోట విషం పుట్టించే క్లాస్ట్రీడియం బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఆ వేడికి చావవు. పులుపు లేని కూరగాయ దేనికైనా ఇంత వేడి తప్పదు. మన ఇంటి కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండే వేడి కూడా ఇంచుమించు ఇంతే. అంటే టిన్‌లో ఉన్నది కుక్కర్‌లో మెత్తగా ఉడికిపోయిన బఠాణీ. దాన్ని మళ్ళీ కుక్కర్‌లో పెడితే ముద్దే మిగులుతుంది.

ఇక లెక్కలు. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తాజా పచ్చిబఠాణీలో విటమిన్ సి 40 మిల్లీగ్రాములు. ఫ్రోజెన్ కవర్‌లో వండక ముందు 18. టిన్‌లో నీళ్ళు వడకట్టాక సుమారు 10. ఇక్కడితో ఆపేస్తే టిన్ చిత్తుగా ఓడినట్టే. కానీ తాజా గింజనూ, ఫ్రోజెన్ గింజనూ పచ్చిగా తినం కదా. నీళ్ళలో ఉడికించి వంపేశాక చూస్తే తాజా బఠాణీలో మిగిలేది 14, ఫ్రోజెన్‌లో 10. టిన్‌ది ఎలాగూ ఉడికిందే. అంటే కంచంలోకి వచ్చేసరికి ఫ్రోజెన్, టిన్ దాదాపు సమానం. మాంసకృత్తులు, పీచు మూడింట్లోనూ పెద్ద తేడా లేకుండా నిలుస్తాయి. వేడికి అవి ఎక్కడికీ పోవు. ఫోలేట్ అనే బి విటమిన్ మాత్రం విటమిన్ సి లాగే నీళ్ళలోకి జారుతుంది. అందులో కూడా తాజాది ముందు, ఫ్రోజెన్ రెండు, టిన్ మూడు.

కాబట్టి ఫ్రోజెన్ కవర్‌కు ఎక్కువ డబ్బు పెట్టి, ఇంట్లో దాన్ని చెంబెడు నీళ్ళలో మరిగించి ఆ నీళ్ళు సింకులో పారబోస్తే కొన్న మేలంతా ఆ నీళ్ళతోనే పోయినట్టు. ఫ్రోజెన్ బఠాణీని కరగబెట్టకూడదు, కడగాల్సిన పనీ లేదు, నేరుగా ఫ్రీజర్ నుంచి బాణలిలోకి. ఎర్రగడ్డ, టమాటా మగ్గి మసాలా దగ్గరపడ్డాక 200 గ్రాముల గింజలు వేసి, నాలుగైదు చెంచాల నీళ్ళు చిలకరించి, మూత పెట్టి సన్నమంట మీద 4 నుంచి 6 నిమిషాలు. అంతే. పులావ్ అయితే బియ్యంతో పాటు వేసి మూడు విజిల్స్ కొట్టించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. గింజ ముడతలుపడి గోధుమరంగుకు తిరిగేది దానివల్లే. అన్నం ఉడికి ఆవిరి తగ్గాక మూత తీసి, గింజలు పైన పరిచి, మళ్ళీ మూత పెట్టి సన్నమంట మీద 5 నిమిషాలు ఉంచితే పచ్చగానే ఉంటాయి, నమిలితే తియ్యదనం తెలుస్తుంది. వడ్డించే ముందు ఒక గింజ నోట్లో వేసుకుని, లోపల దాకా వేడెక్కిందో లేదో చూసుకుంటే చాలు.

విటమిన్ సి కోసం బఠాణీ మీద ఆధారపడేవాళ్ళు మన దగ్గర ఎవరూ ఉండరు, ఉండాల్సిన పనీ లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో రోజుకు మగవాళ్ళకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు కావాలంది. ఒక జామకాయ తింటే అది దాటిపోతుంది. అనంతపురం చీనీకాయలు కూడా పక్కనే ఉన్నాయి. బఠాణీ నుంచి తీసుకోవాల్సింది 100 గ్రాములకు 5 గ్రాముల చొప్పున మాంసకృత్తులు, దాదాపు అంతే పీచు. ఆ రెండింటి కోసమే అయితే టిన్‌ను చిన్నచూపు చూడక్కర్లేదు.

టిన్‌ను వెనక్కి లాగేది ఉప్పు. మామూలు టిన్ బఠాణీలో వడకట్టాక కూడా 100 గ్రాములకు 250 మిల్లీగ్రాముల పైనే సోడియం ఉంటుంది. ఉప్పు లెక్కలో అది ముప్పావు గ్రాముకు కొంచెం తక్కువ. టిన్ పుట్టగొడుగుల్లో ఇంకా ఎక్కువ, 400 దాటుతుంది, అంటే గ్రాము ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, ఊరుబిండి, కారప్పొడి లేకుండా ముద్ద దిగని సీమ భోజనంలో ఆ 5 గ్రాములు పొద్దున టిఫిన్‌తోనే సగం అయిపోతాయి. బీపీ ఉన్నవాళ్ళ ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఫ్రోజెన్ కవర్‌లో సాధారణంగా ఉప్పు కలపరు. ముదురు గింజ మునిగి లేతది తేలేలా ఉప్పునీళ్ళలో వేరుచేసే పద్ధతి కొన్ని ఫ్యాక్టరీల్లో ఉంది. అలాంటి వాటిలో కొంత సోడియం అంటుతుంది కాబట్టి కవర్ వెనక పట్టికలో ఆ ఒక్క గడి చూసుకోండి.

టిన్ నీళ్ళు వంపేసి గింజల్ని కుళాయి కింద కడిగితే ఉప్పు తగ్గుతుంది. రాజ్మా, శనగల టిన్లలో వంపి కడగడం వల్ల 40 శాతం దాకా తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. బఠాణీ, బీన్స్, స్వీట్‌కార్న్‌లో అంత తగ్గదు, ఉప్పు గింజలోపలికే దిగి ఉంటుంది. పైగా కడిగిన కొద్దీ ఫోలేట్, పొటాషియం కూడా వెళ్ళిపోతాయి. బీపీ బాధ లేని ఇంట్లో అయితే ఆ నీళ్ళనే కుర్మాలో పోసి, వేరే ఉప్పు వేయకుండా చివర్లో రుచి చూసుకోవడం తెలివైన పని.

అలా పోసే ముందు ఒకటి చూడాలి. టిన్ మీద పచ్చటి లేత కాయల బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల లేత బఠాణీ ఉందని కాదు. చాలా టిన్లలో ఉండేది ఎండు బఠాణీని నానబెట్టి ఉడికించి నింపినది. పదార్థాల వరుసలో "డ్రైడ్ పీస్", "ప్రాసెస్డ్ పీస్" అని సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పక్కనే 102, 133 అనే నంబర్లు కనిపిస్తే అవి పసుపు, నీలం కృత్రిమ రంగులు, కలిస్తే పచ్చగా కనబడతాయి. నీళ్ళు గాజుగ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే చిలకపచ్చగా మెరుస్తుంటే అర్థం అదే. మామూలుగా లేత బఠాణీ టిన్‌లో ఉడికితే ఆలివ్ పచ్చకు, అంటే కొంచెం మాసిన రంగుకు తిరగాలి. పత్రహరితం ఆ వేడికి నిలవదు. మాసిన రంగే ఇక్కడ నిజాయితీ. ఎండు బఠాణీలో విటమిన్ సి ఉండదనే చెప్పాలి. అదే సరుకు కిరాణా అంగడిలో కిలోల లెక్కన చవగ్గా దొరుకుతుంటే, టిన్‌లో పోసినందుకు నాలుగైదు రెట్లు ఎందుకు ఇవ్వాలి? రాత్రి నానబెట్టుకుంటే పొద్దున్నే తయారు. ఇలాంటి టిన్ కొనవద్దనే మా సలహా.

ధర పోల్చేటప్పుడు నికర బరువు చూడకండి, "డ్రెయిన్డ్ వెయిట్" చూడండి. లేబుల్ మీద రెండూ ఉంటాయి. నికర బరువు 400 గ్రాములని పెద్ద అక్షరాల్లో ఉన్న డబ్బాలో నీళ్ళు పోగా గింజలు 240 గ్రాములే ఉండొచ్చు. ఆ డబ్బా 120 రూపాయలనుకుంటే గింజలు కిలో 500 పడ్డట్టు. అర కిలో ఫ్రోజెన్ కవర్ 130 అనుకున్నా కిలో 260. కవర్‌లో పొట్టు, నీళ్ళు ఏమీ పోవు. టిన్ పుట్టగొడుగుల్లో ఈ లెక్క మరీ దారుణం, 800 గ్రాముల డబ్బాలో సగానికి కాస్త పైన మాత్రమే తినేది ఉంటుంది.

మిగతా కూరగాయల్లో స్వీట్‌కార్న్‌కు రెండూ ఫరవాలేదు. విటమిన్ సి ఎలాగూ తక్కువున్న గింజ, కంటికి మంచిదైన ల్యూటీన్ వేడికి నిలుస్తుంది. చక్కెర కలిపిన టిన్ మాత్రం పక్కన పెట్టండి. క్యారెట్‌లో బీటా కెరోటిన్ టిన్‌లో కూడా చాలావరకు నిలుస్తుంది గానీ, మెత్తబడ్డ ఆ ముక్కలు మన తాళింపులకు పనికిరావు. ఫ్రోజెన్ మిక్స్‌డ్ వెజిటబుల్ కవర్‌లో బీన్స్, క్యారెట్, బఠాణీ ఒకే సమయానికి ఉడకవు, క్యారెట్ ఉడికేలోపు బఠాణీ చితికిపోతుంది. విడిగా కొనుక్కుంటే మంచిది. పాలకూర, బెండకాయ, మటిక్కాయలు ఏడాది పొడుగునా రైతుబజారులో దొరికే ఊళ్ళివి, వాటికి ఫ్రోజెన్ కవర్ దండగ. గ్రీన్ బీన్స్ దగ్గర మాత్రం ఆలోచించాలి. తాజా బీన్స్‌ను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో వారం ఉంచితే విటమిన్ సిలో 77 శాతం పోతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించిన సమీక్షలో ఉంది. అదే వారానికి బఠాణీలో పోయేది 15 శాతమే. ఆదివారం సంతలో కొని శనివారం వండే బీన్స్ కంటే ఫ్రోజెన్ బీన్స్ మేలనడానికి ఇదే కారణం.

టమాటా ఒక్కటే టిన్ పూర్తిగా గెలిచే చోటు. పులుపు ఉంది కాబట్టి అంత ప్రెషర్ వేడి అక్కర్లేదు, ఎరుపు రంగునిచ్చే లైకోపిన్ నూనెతో ఉడికితేనే ఒంటికి ఎక్కువ పడుతుంది. కానీ మనకు టిన్ ఎందుకు? పత్తికొండలో, అనంతపురం కక్కలపల్లి మండీలో ధర పడిపోయిన వారం ఐదు కిలోలు తెచ్చి, ఉడికించి రుబ్బి, వడగట్టి, సగానికి చిక్కబడేదాకా మరిగించి, చల్లారాక ఐస్ ట్రేలో గడ్డకట్టించి కవర్‌లో వేసుకోండి. రెండు మూడు ముక్కలతో ఒక పూట చారో కూరో అయిపోతుంది. సీసాలో పోసి బయట దాచే ప్రయత్నం మాత్రం చేయొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష, చలి. ఫ్యాక్టరీ నుంచి మీ ఇంటి దాకా సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. హైదరాబాద్ నుంచి కర్నూలుకైనా, బెంగళూరు నుంచి అనంతపురానికైనా 44వ నంబరు హైవే మీద రెండు వందల కిలోమీటర్లు దాటి రావాలి. లారీలో బాగానే వచ్చినా, దించి అంగడి ఫ్రీజర్‌లో సర్దేలోపు ఎండలో అరగంట ఉంటే చాలు. రాత్రి కరెంటు ఆదా అని ఫ్రీజర్ ఆపేసే చిన్న అంగళ్ళు కూడా ఉన్నాయి. సఫల్ లాంటి పేరున్న బ్రాండైనా, పేరు లేని తెల్ల కవరైనా కొనే ముందు చేత్తో ఒక్కసారి ఊపండి. గింజలు గలగలమంటే సరే. ఇటుకలా ఒకే గడ్డ అయితే అది కరిగి మళ్ళీ గడ్డకట్టింది. చేత్తో ఒత్తితే విరిగే చిన్న గడ్డ ఒకటీ అరా ఉన్నా ఫరవాలేదు. లోపల మంచు పొడి చాలా పేరుకుని ఉంటే గింజలోని నీరు బయటికొచ్చిందని గుర్తు. గింజ మీద తెల్లటి ఎండిన మచ్చలు ఉంటే ఆరోగ్యానికి చెడ్డది కాదు గానీ, రుచి చప్పబడిపోతుంది.

కరిగితే ఏమవుతుందంటే, నెమ్మదిగా మళ్ళీ గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు పెద్దవిగా పెరిగి కణాల గోడల్ని చీల్చేస్తాయి. వండేటప్పుడు గింజ నీరు కక్కుతుంది, ఆ నీటితో విటమిన్లూ కారిపోతాయి. అంతకంటే ముఖ్యం, చలికి నిద్రపోయిన సూక్ష్మజీవులు లేస్తాయి. 2018లో యూరప్‌లో హంగరీలో తయారైన ఫ్రోజెన్ మొక్కజొన్న గింజల వల్ల లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి తొమ్మిది మంది చనిపోయినట్టు అక్కడి ఆహార భద్రతా సంస్థ తేల్చింది. అందుకే ఫ్రోజెన్ గింజల్ని సలాడ్‌లో పచ్చిగా చల్లొద్దు, ఆవిరి పట్టించాకే వాడండి.

ఫ్రీజర్ సరుకు బిల్లు వేయించే ముందు చివరగా తీసుకోండి. నాలుగు మడతల వార్తాపత్రికలో చుట్టి, చల్లటి పాల ప్యాకెట్ల మధ్య పెట్టుకుంటే ఎండాకాలంలో ఇరవై నిమిషాల బండి ప్రయాణానికి నిలుస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ ఫ్రీజర్ మీద నక్షత్రాలు చూడండి. ఒక నక్షత్రం అంటే మైనస్ 6, వారం. రెండు అంటే మైనస్ 12, నెల. మూడు అంటే మైనస్ 18, మూడు నెలలు. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైన ఉండే చిన్న మంచు గదిలో కవర్ మీద రాసిన గడువు దాకా ఉంటుందని నమ్మకండి, అక్కడ నెలలోపు వాడేయాలి. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంచండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ ఖాళీదాని కంటే ఎక్కువ సేపు చలి పట్టుకుంటుంది. మెత్తబడ్డా ఇంకా చల్లగా ఉంటే ఆ రోజే వండేయండి, మళ్ళీ గడ్డకట్టించొద్దు.

టిన్‌కు ఈ గొడవలేవీ లేవు. అల్మారాలో పెట్టి మరిచిపోవచ్చు, అదే దాని బలం. కొనేటప్పుడు మూతలు ఉబ్బకూడదు, అతుకు దగ్గర సొట్ట ఉండకూడదు, తుప్పు చారలు ఉండకూడదు. తెరవగానే బుస్సుమని చిమ్మినా, వాసన తేడాగా ఉన్నా రుచి చూసే సాహసం చేయకుండా పారేయండి. బోట్యులినం విషం ఆ చుక్కలో కూడా చాలినంత ఉండొచ్చు. తెరిచాక మిగిలింది డబ్బాలోనే ఉంచొద్దు, స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో అయిపోగొట్టండి.

పుష్యమాసంలో అనపగింజలు బాగా దొరికే మన జిల్లాల్లో ఇంకో మంచి దారి ఉంది, ఏ అంగడీ అమ్మనిది. అర కిలో వలిచిన అనపగింజలకు నాలుగు లీటర్ల నీళ్ళు తెర్లబెట్టండి. బోరు నీళ్ళు వద్దు, వాటిలోని సున్నం గింజ తోలును గట్టిపరుస్తుంది, ఎంత ఉడికినా నోట్లో పొట్టు తగులుతుంది. ఫిల్టర్ నీళ్ళే పట్టండి. గింజలు వేశాక నిమిషంలోపు మళ్ళీ మరగాలి, అంతకంటే ఆలస్యమైతే గింజలు ఎక్కువయ్యాయని అర్థం. మళ్ళీ మరిగినప్పటి నుంచి లెక్కపెట్టి లేతవాటికి 2 నిమిషాలు, లావువాటికి 3. వెంటనే జల్లిగంటెతో తీసి ఐసు ముక్కలు వేసిన నీళ్ళలో అంతే సేపు ఉంచండి. పాత నూలుచీర మీద పరిచి, తడి పూర్తిగా ఆరాక, పళ్ళెంలో ఒకే వరుసగా రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. గింజలు పళ్ళెంలో గలగల దొర్లాకే కవర్లలో పావు కిలో చొప్పున నింపి, గాలి పిండేసి కట్టి, మీద తేదీ రాయండి. తడి ఆరకుండా నింపితే అంగట్లో వద్దనుకున్న ఆ ఇటుకే మన ఇంట్లోనూ తయారవుతుంది. మైనస్ 18లో ఉంటే ఉగాది దాటాక కూడా సంగటిలోకి అనపగింజల పులుసు పెట్టుకోవచ్చు, ఉప్పు మీ చేతిలోనే ఉంటుంది.